జవాబు బాకీ

తెనాలి దగ్గర ఓ వృద్ధాశ్రమానికి నెలనెలా ముప్పై కార్డులు వస్తున్నాయనీ, వాటిని రాసేది పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని జిల్లా పరిషత్ హైస్కూలు ఎనిమిదో తరగతి పిల్లలనీ విని చూడ్డానికి వెళ్లాను. ఉత్తరాలు ఈ నేలకు కొత్త కాదు. దుగ్గిరాల దగ్గరి తుమ్మపూడి నుంచి సంజీవదేవ్ ఎంతోమంది కళాకారులకూ, రచయితలకూ, మిత్రులకూ ఉత్తరాలు రాశారు. అవి పుస్తకాలుగానూ వచ్చాయి. ఆయన పోయింది 1999లో. ఇప్పుడు కార్డులు రాస్తున్న పిల్లలు ఆ తర్వాత పుష్కరం గడిచాక పుట్టినవాళ్లు.

ముందు బడికే వెళ్లాను. తెలుగు మేడం బీరువాలోంచి ఓ కట్ట తీసి బల్ల మీద పరిచారు. మొదటి నెల పంపిన కార్డుల జిరాక్సులు. ముప్పైకి ముప్పై ఒకేలా ఉన్నాయి. ‘నేనిక్కడ క్షేమం. మీరక్కడ క్షేమమని తలుస్తాను. మీ ఆరోగ్యం ఎలా ఉంది? వేళకు మందులు వేసుకోండి.’ విహారయాత్రకు డబ్బు పంపమని నాన్నకు లేఖ రాసి మార్కులు తెచ్చుకోవడం నేర్చిన పిల్లలు. ఊరు, తేదీ పైన కుడివైపు, ‘ఇట్లు’ కింద, అన్నీ ఎక్కడుండాల్సినవి అక్కడున్నాయి.

ఆ నెల జవాబులు నాలుగైదుకు మించి రాలేదు. వాటిలో ఒకదాన్ని మేడం చదివి వినిపించారు. ‘అబ్బాయీ, నా మందుల సంగతి చూడ్డానికి ఇక్కడ నర్సమ్మ ఉంది. నీకేం కావాలో రాయి.’

రెండో నెల నుంచి ఆవిడ పద్ధతి మార్చేశారు. ఆరోగ్యం ఊసెత్తకూడదు. తమకు నిజంగా తెలియని సంగతి ఒకటి అడగాలి. బోర్డు మీద చూసి రాస్తే కార్డు పోస్టులో పడదు. ఇక పిల్లలు అడగడం మొదలుపెట్టారు. మీరు లెక్కల్లో ఎప్పుడైనా తప్పారా? కరెంటు లేనప్పుడు రాత్రిళ్లు దోమల్తో ఎలా పడుకునేవారు? ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకోకపోతే మధ్యలో ఉన్నవాళ్లు ఏం చెయ్యాలి? ఆ చివరి ప్రశ్న అడిగింది ఎవరో మేడం నాకు చెప్పలేదు. తాను చదివే పోస్టు చేస్తానని పిల్లలకు ముందే చెప్పారట. కార్డు మీద పిల్లల పేరు, బడి చిరునామా తప్ప ఇంటి వివరాలేవీ ఉండవు.

“ఇంత దగ్గరే కదా, ఎవరో ఒకరు బండి మీద ఇచ్చి రావచ్చుగా” అన్నాను.

“ఇవ్వొచ్చండీ. అప్పుడు జవాబు కోసం ఎదురుగా నిలబడతారు. పెద్దవాళ్లకి ఆలోచించుకునే టైముండొద్దూ?” అన్నారావిడ.

మధ్యాహ్నం ఆశ్రమానికి చేరాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల వరస, గోడవార ఒక పొడుగాటి బల్ల. రాతకోతలన్నీ ఆ బల్ల దగ్గరే. సొంతంగా రాసేవాళ్లు, చెప్పి రాయించుకునేవాళ్లు కలిపి పదిహేను మంది. తలా ఇద్దరు పిల్లలు.

వాళ్లలో ఒకాయన పోస్టల్ శాఖలో సార్టింగ్ చేసి రిటైరయ్యారు. తన వంతు కుర్రాడు మొదటి కార్డు మీద పిన్ కోడ్ రాయలేదు. దాంతో ఈయన ఒక కార్డు నిండా పాఠం చెప్పారు. తపాలా శాఖను చూసే కేంద్ర మంత్రిత్వ శాఖలో అధికారి శ్రీరామ్ భికాజీ వెలంకర్ రూపొందించిన ఆ ఆరంకెల పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. దేశంలో ఎన్ని రామాపురాలు, ఎన్ని కొత్తపేటలు! పైగా ఒక్కో చిరునామా ఒక్కో భాషలో ఉంటుంది. అంకెలైతే ఎక్కడి గుమాస్తా అయినా చదవగలడు. మొదటి మూడంకెలు 522 అని ఉంటే ఉత్తరం గుంటూరు వైపు రావాలి, చివరి మూడూ ఏ పోస్టాఫీసో చెబుతాయి. కుర్రాడు ఊరుకోలేదు. మరి బెంగళూరులో మా అక్క వాళ్ల పిన్ కోడ్ కూడా 5తోనే మొదలవుతుందేమని తిరగరాశాడు. “ఆంధ్రా, తెలంగాణ, కర్ణాటక మూడింటికీ అదే అంకె మరి. వాడు పట్టేశాడు” అన్నారు పెద్దాయన. నలభై ఏళ్లు చేసిన ఉద్యోగం గురించి ఇంతవరకూ తననెవరూ ఒక్క ప్రశ్న కూడా అడగలేదట.

చదువురాని ఒక మామ్మగారి తరఫున రాసేదీ ఈయనే. ఆవిడ వయసులో ఉండగా పసుపు కళ్లాల్లో కూలికి వెళ్లింది. పసుపు ఎందుకు ఉడకబెడతారని ఒక అమ్మాయి అడిగింది. నేను చూస్తుండగానే జవాబు మొదలైంది. ఆవిడ చెబుతోంది, ఈయన రాస్తున్నారు, రాసింది పైకి చదివారు: “పసుపును ఉడికించుటకు గల కారణములు...”

“నేనట్టా అన్లేదుగా” అంది మామ్మ. “నేనన్నట్టే రాయండి. ఉడకేస్తే లోపల్దాకా ఒకటే రంగొచ్చుద్ది, బేగి ఎండుద్ది. పుల్లతో గుచ్చితే మెత్తగా దిగాల. ఎక్కువుడికిందా, రంగు చెడుద్ది. అది రాయండి.”

పెద్దాయన కొట్టేసి మళ్లీ రాశారు.

దివిసీమ నుంచి వచ్చిన ఒకాయనకు మాత్రం ప్రశ్న బరువైంది. ఉప్పెన పాఠం విన్న కుర్రాడు, 1977 నవంబరు 19న మీరు ఎక్కడున్నారని అడిగాడు. ఆ తుపానులో దాదాపు పదివేల మంది పోయారు. ఈయన రెండు నెలలు కలం పట్టలేదు. తర్వాత కార్డు చాలదని ఇన్‌లాండు లెటరు తెప్పించుకుని మూడు వైపులా రాశారు. “మా పిల్లలకి కూడా ఇంత వివరంగా చెప్పలేదు” అన్నారు. ఏం రాశారని అడిగితే తల అడ్డంగా ఊపారు. “అది ఆ అబ్బాయికి రాసిందండీ.”

ఆశ్రమం చూసుకునే ఆవిడతో ఆ తర్వాత కాసేపు కూర్చున్నాను. పుట్టినరోజులకీ పెళ్లిరోజులకీ దాతలు వస్తారు. పళ్లు పంచుతారు, దుప్పట్లు కప్పుతారు, ఫోటో దిగి వెళ్తారు. వాళ్లను తప్పు పట్టలేం, వంటింటికి బియ్యం వాళ్ల చలవే. కానీ అలాంటి రోజున ఇక్కడివాళ్ల పని చెయ్యి చాపడం వరకే. కార్డు వచ్చిన రోజు వేరు. “ఇద్దరికి బాకీ ఉన్నానమ్మా అని నన్ను కార్డులడుగుతారు” అందావిడ. నాకు అక్కడ కనిపించిన అసలు సంగతి ఇదే. ముసలితనంలో మనిషికి పెట్టేవాళ్లు దొరుకుతారు గానీ, మనిషి నుంచి ఆశించేవాళ్లు దొరకరు. పిల్లల ఉత్తరం వాళ్లని మళ్లీ ఎవరికో ఏదో ఇవ్వాల్సిన మనిషిని చేస్తోంది.

ఈ స్నేహంలో తప్పించుకోలేని చిక్కొకటుంది. ఈ ఏడాది ఒక మామ్మగారు పోయారు. ఆవిడ ఆఖరి కార్డు ఆవిడ పోయాక రెండు రోజులకు బడికి చేరింది. చావు కబురు కార్డు చదివి చింపేసే అలవాటు మన ఇళ్లలో ఉండేది, ఇంట్లో దాచరాదనేవాళ్లు. అందుకని ఆశ్రమంలో కొందరు ఆ కార్డు పిల్లకి ఇవ్వొద్దన్నారు. మేడం ఇచ్చారు. ముందు కూర్చోబెట్టి విషయం చెప్పి, తర్వాతే చేతిలో పెట్టారు. చావు కబురుకి కార్డు రాయడం మాత్రం ఉండదు, ఆశ్రమం నుంచి ఫోనే వస్తుంది.

ఖర్చు చూస్తే నవ్వొస్తుంది. కార్డు యాభై పైసలు, ముప్పై మందికి పదిహేను రూపాయలు, అటూ ఇటూ కలిపి ముప్పై. పోస్టాఫీసులో కార్డులు ఎప్పుడూ దొరకవు కనక, స్టాకు వచ్చినప్పుడే మేడం కట్టలు కట్టలుగా కొంటారు. వేసవి సెలవుల్లో వారానికోసారి బడి తాళం తీయించి వచ్చిన ఉత్తరాలు పిల్లలకు అందజేస్తారు.

ఇప్పుడు ఆవిడకు కొత్త సమస్య వచ్చింది. ఎనిమిదిలో మొదలుపెట్టినవాళ్లు తొమ్మిదికి వెళ్లినా రాయడం మానం అంటున్నారు. కొత్తగా వచ్చిన ఎనిమిదో తరగతికి రాయడానికి మనుషులు లేరు. ఇంకో ఆశ్రమం కోసం వెతుకుతున్నారు. షరతు ఒక్కటే పెట్టారు: వాళ్లకి పిల్లల మీద, పిల్లలకి వాళ్ల మీద జాలి ఉండకూడదు.