అననీయ సంగతి చెప్పిన మేమే



పోయిన నెలలో మా అమ్మాయి ఆన్‌లైన్‌లో విద్యార్థుల జీవశాస్త్ర పోటీ రాసింది. ఇంటర్ బైపీసీ రెండో ఏడు. మా ఇంట్లో సిగ్నల్ సంగతి మీకు తెలుసు. అందుకని మందిరంలోనే కీబోర్డు బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఫోను కిటికీలో ఉంచి హాట్‌స్పాట్ ఇచ్చాము. కరెంటు పోకూడదని ప్రార్థన చేసుకున్నాము. మొదలయ్యే ముందు తెర మీద ఒక గడి వచ్చింది, ఎవరి సహాయమూ తీసుకోనని. అమ్మాయి టిక్కు పెట్టింది. మేమిద్దరం వెనక చాప మీద కూర్చున్నాము.

మొదట మెండెల్ బఠాణీల ప్రశ్నలు. అవంటే దానికి ఇష్టం. ఆయన ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో, మఠంలో ఉండే క్యాథలిక్ గురువట. 1850లో ఉపాధ్యాయ పరీక్ష తప్పాడట. తర్వాత మఠం తోటలోనే ఏళ్ల తరబడి బఠాణీ మొక్కలు పెంచి, గింజలు లెక్కపెట్టాడు. 1866లో అచ్చయిన ఆ పనిని 1900 దాకా లోకం పట్టించుకోలేదు. అప్పటికి ఆయన చనిపోయి 16 ఏళ్లు. ఇదంతా మాకు చెప్పింది అమ్మాయే. పరీక్ష తప్పిన మనిషి మీద ఇప్పుడు పరీక్షల్లో ప్రశ్నలు!

తర్వాత గుండె ప్రశ్న వచ్చింది. ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని గుండెకు తెచ్చే నాళం ఏది? అమ్మాయి పుపుస ధమని నొక్కింది. ధమనిలో మంచి రక్తం, సిరలో చెడు రక్తం అని అందరం గుర్తుపెట్టుకుంటాము గదా, ఊపిరితిత్తుల దగ్గర అది తిరగబడుతుంది. వాళ్లమ్మ పెళ్లికి ముందు నర్సు. మా మోచేతులు తగిలాయి. ముందు ఎవరన్నామో ఇప్పుడు తేల్చలేము గానీ, "సిర, సిర" అన్న మాట మా దగ్గరినుండే వెళ్లింది.

అమ్మాయి చెయ్యి ఆగింది. వెనక్కి తిరగలేదు. ఆ జవాబు అలాగే ఉంచి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

అయిపోయాక అడిగాము, ఎందుకు మార్చలేదమ్మా అని.

"మీరు చెప్పకపోతే చివర్లో చూసుకుని నేనే మార్చేదాన్నేమో నాన్నా. చెప్పాక ఇంకెలా మార్చను?"

అంతకు రెండు ఆదివారాల ముందే అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయము నుండి అననీయ సప్పీరాల గురించి బోధించాము. భార్యాభర్తలు ఇద్దరూ కూడబలుక్కున్నారని గట్టిగా చెప్పాము కూడా. అదే మందిరంలో, అదే చాపల మీద.

తర్వాతి దశ జాబితాలో దాని పేరు రాలేదు. ఎన్ని మార్కుల్లో పోయిందని అడగడానికి మాకు ముఖం చెల్లలేదు. ఈ సంగతి మీ ముందు ఒప్పుకోవాలనుకుని రెండు వారాలు వాయిదా వేశాము.

ఈ శనివారం ఇంకో ఆన్‌లైన్ పరీక్ష ఉంది. తలుపు దగ్గరికి వేసి, మేము బయట వేపచెట్టు కింద కూర్చుంటాము. కరెంటు కోసం మాత్రం మీరూ ప్రార్థించండి.