కొబ్బరి కాపుకొచ్చేదాకా

పలాస జీడిపప్పు వాడని ఇల్లాలు మనలో ఎవరైనా ఉంటారా? పాయసంలో నాలుగు బద్దలు నేతిలో వేయించి వేస్తేగాని మనకు తృప్తి ఉండదు. ఆ పప్పు వచ్చే ఊరిని చూసినవాళ్ళు మాత్రం తక్కువ. విశాఖపట్నం దాటి బరంపురం వైపు రైల్లో వెళుతుంటే పలాస స్టేషను తగులుతుంది. దాన్ని ఆనుకునే కాశీబుగ్గ. రెండూ కలిపి ఒకటే మునిసిపాలిటీ. ఎక్కడ పలాస అయిపోయిందో, ఎక్కడ కాశీబుగ్గ మొదలైందో మనబోటి కొత్తవాళ్ళకు తెలియదు.

కాశీబుగ్గ సందుల్లో నడుస్తుంటే జీడిపిక్కలు కాలుతున్న ఘాటు ముక్కుకు తగులుతుంది. ఒక షెడ్డులోకి తొంగి చూశాను. అంతా ఆడవాళ్ళే. పిక్క పెంకులో ఒక రకం నూనె ఉంటుంది, అది తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది. అందుకని చేతులకు బూడిద రాసుకుని పిక్కలు కొడతారు. తర్వాత లోపలి పప్పు మీది పొర గోటితో ఒలిచి, గుండ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు వేరుచేస్తారు. మనం డబ్బాలో పోసుకునే తెల్లటి పప్పు వెనక ఇంత పని ఉంది చూడండి.

ఊరు దాటి సముద్రం వైపు, వజ్రపుకొత్తూరు దారి పట్టామంటే ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, వాటి నీడలోనే ఇళ్ళు. ఎండలో వెళ్ళిన మాకు ఒక్కసారిగా ఒళ్ళు చల్లబడింది. అయితే నీడ మధ్యలో అక్కడక్కడ ఎండ పడే ఖాళీలు కనిపిస్తాయి. అవి తిత్లీ చేసిన ఖాళీలు.

తిత్లీ అంటే సీతాకోకచిలుక. ఆ పేరు పెట్టిన తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. దసరా నవరాత్రులు మొదలై ఒక్కరోజే అయింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తాతల నాటి కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పెకలించుకుపోయాయి. అంతకుముందు 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్. పొయ్యి మంట పెంచితే పాలు పొంగినట్టే, సముద్రం వేడెక్కినకొద్దీ తుపానులకు బలం వస్తుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ మంట పెట్టినవాళ్ళు ఎవరో, ఎక్కడివాళ్ళో. ఉద్దానంవాళ్ళు మాత్రం కాదు.

"మడిసన్నాక నెగ్గుకొస్తాడమ్మా, చెట్టెలా నెగ్గుకొస్తాది?" అంది ఒకావిడ. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. జీడి అంటుమొక్కకైనా మూడు నాలుగేళ్ళు కావాలి. నష్టపరిహారం చెట్టు లెక్కన, చెట్టున్నవాళ్ళకు. చెట్టు కింద కాయలు ఏరి, పీచు తీసి, పిక్కలు కొట్టి బతికేవాళ్ళకు ఏ లెక్కన ఇస్తారు? ఆ మాట అడిగితే ఆవిడ నవ్వేసి ఊరుకుంది.

ఇక పెద్ద కంపెనీల సంగతి. తుపాను వచ్చినచోట నీళ్ళ సీసాలు, దుప్పట్లు, టార్పాలిన్లు పంచేవాళ్ళు ఉంటూనే ఉంటారు. మంచిదే, ఆకలప్పుడు అన్నం పెట్టినవాణ్ణి తప్పుపట్టకూడదు. కాని వారానికి వెళ్ళిపోయే సాయానికీ, ఆరేళ్ళకు కాసే చెట్టుకూ పొత్తు ఎలా కుదురుతుంది? పసిబిడ్డకు పురుడు పోసి వెళ్ళిపోతే సరా, పాలు మాన్పించేదాకా ఎవరో ఒకరు చూడాలి కదా!

దీనికి చట్టం ఉందని నాకీమధ్యే తెలిసింది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షను. ఏడాదికి 5 కోట్ల నికర లాభం వచ్చే కంపెనీ అయినా సరే, గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో నూటికి 2 రూపాయలు సమాజం కోసం ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బాగానే ఉంది. అయితే అందులోనే ఇంకో మాట, కంపెనీ తాను పనిచేసే చుట్టుపక్కల ఊళ్ళకు ముందు ప్రాధాన్యం ఇవ్వాలని. అది సలహా వంటిదే, తప్పనిసరి కాదని కేంద్రం 2021లో వివరణ ఇచ్చింది. అయినా డబ్బు ఫ్యాక్టరీ గోడ దాటి ఎంత దూరం పోతుంది? కాశీబుగ్గ షెడ్లు ఈ లెక్కకు అందేంత పెద్దవి కావు. గాలి దెబ్బ ఇక్కడ, పెద్ద లాభాలు ఇంకెక్కడో.

పెద్ద కంపెనీలు ఇటు రాలేదా అంటే, వచ్చాయి. సోంపేట బీలలో నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రం కడతామంది. బీల అంటే నీళ్ళు నిలిచే చిత్తడి నేల. వరికీ, చేపకూ అదే ఆధారం. జనం అడ్డుపడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదేరోజు పర్యావరణ అప్పీలు సంస్థ అనుమతిని రద్దు చేసింది. టెక్కలికి దగ్గర్లోని కాకరాపల్లిలోనూ ఇలాంటి కేంద్రం గొడవలోనే 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి. ఇంత చూసినవాళ్ళ దగ్గరకు ఏ కంపెనీవారైనా సాయం పట్టుకొస్తే, ముందు కూర్చుని, మీకేం కావాలమ్మా అని అడగాలి. అందులోనూ ఆడవాళ్ళను అడగాలి. మేము వెళ్ళిన ఊళ్ళో అడిగితే ఒకరు కొబ్బరి నర్సరీ అన్నారు, ఇంకొకరు తుపానుకు ఎగిరిపోని షెడ్డు అన్నారు, ముసలమ్మ మంచినీళ్ళు అంది.

మంచినీళ్ళంటే ఇక్కడ మామూలు మాట కాదు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తడుముతోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి వంశధార నీరు తెచ్చే పథకం ప్రారంభించారు. నీటిశుద్ధి యంత్రం పెట్టి బోర్డు తగిలించే దాతలకు ఒక్కటే మనవి. ఇంట్లో ఫిల్టరు గొట్టం మార్చకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. ఊరి యంత్రానికీ అంతే. దాన్ని మార్చే మనిషికి నెలనెలా జీతం ఎవరిస్తారో బోర్డు కింద రాస్తే బాగుంటుంది.

చలికాలంలో వెళ్ళేవాళ్ళు టెక్కలి దగ్గర తేలినీలాపురం కూడా చూసి రండి, కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. కాశీబుగ్గలో పప్పు కొనేటప్పుడు గుండ్లయితే ఖరీదు, పాయసానికి బద్దలు చాలు. కిలో ధర అడిగాక, ఒలిచినందుకు కిలోకెంత ఇస్తారని కూడా అడిగి చూడండి. నేను రెండు కొట్లలో అడిగాను. ఒకచోట చెప్పారు. రెండోచోట పొట్లం కట్టే కుర్రాడు యజమాని మొహంకేసి చూశాడు.