ఉప్పలపాడు నత్తగుల్ల కొంగలు

గుంటూరుకు చేరువనున్న ఉప్పలపాడు చెరువు గట్టున నిలిచి, నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యనున్న సందును చూడగానే "అడకత్తెర వంటిది, గుల్లను పగులగొట్టడానికే" అని మా శ్రీమతికి వివరించాను. యంత్రాలతో గడిపిన బుద్ధి కదా! ఒకప్పుడు పక్షిశాస్త్రజ్ఞులు కూడ అట్లే తలచారు. తీరా పొలంగట్టున ఏరిన ఖాళీ గుల్లలలో పెక్కు చెక్కుచెదరలేదు. పై ముక్కు గుల్లను అదిమిపట్టగా, క్రింది ముక్కు వాడికొన లోనికి చొరబడి, నత్తను గుల్లకు బంధించిన కండరాన్ని తెంపుతుంది. పిల్లలకు పుట్టుకతో ఈ సందు ఉండదు, ఎదిగేకొద్దీ ఏర్పడుతుంది. తరతరాల నత్తల వేటలో రూపుదిద్దుకొన్న ముక్కు ఇది. అందుకే వాన ముఖం చాటేసి మాగాణి ఎండిన ఏడు ఈ కొంగలు గూడు కట్టకపోవడమూ కద్దు.

"చూడకుండానే తీర్పు చెప్పారన్నమాట!" అన్నది శ్రీమతి, గుల్లను నా చేతిలో పెడుతూ.