బాలేర్‌లో మూడు రోజులు

మా పెద్దవాడికి మనీలాలో ఉద్యోగం. "ఒక నెల రోజులుండి వెళ్ళండి" అని రెండేళ్ళుగా పోరు పెడుతున్నాడు. తీరా ఈ జనవరిలో వెడితే, మనీలా చూసి మా ఆవిడ పెదవి విరిచింది. "ఇంత దూరం వచ్చి మళ్ళీ మేడలూ, కార్లూ, జనమూ చూడడమేనా! ఏదైనా చిన్న ఊరు చూపించరా" అన్నది. వాడు కాస్సేపు ఆలోచించి, "అయితే బాలేర్ వెడదాం. నీకు సముద్రమూ, కొండా రెండూ ఉన్నాయి. నాన్నగారికి కావలసినంత చరిత్ర ఉంది" అన్నాడు.

బయలుదేరే ముందు రాత్రి మా అన్నయ్య కూతురి పెళ్ళి శుభలేఖ ఫోనులో వచ్చింది. అన్నయ్యకూ నాకూ పెరటిగోడ దగ్గర తగాదా. తొమ్మిదేళ్ళు కోర్టులో నలిగాం. తీర్పు వచ్చి నాలుగేళ్ళయింది. గోడ కట్టడం కూడా అయింది. మాటలు మాత్రం లేవు. "చూద్దాంలే" అని ఫోను పక్కన పెట్టాను. మా ఆవిడ మారుమాట లేకుండా పెట్టె సర్దుకోసాగింది. ఈ ఇంటి గొడవ పాఠకులకెందుకని అడుగుతారేమో. దీనికీ బాలేర్‌కూ సంబంధం ముందు ముందు తెలుస్తుంది.

కొండ దాటితే కడలి

బాలేర్ లూజాన్ దీవికి తూర్పు తీరాన, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున ఉన్నది. మనీలాకు సుమారు 230 కిలోమీటర్లు. అరోరా అనే ప్రాంతానికి ముఖ్యపట్టణం. మన లెక్కలో జిల్లా కేంద్రమన్నమాట. తెల్లవారుజామున బస్సెక్కితే మొదటి మూడు గంటలూ గోదావరి జిల్లాలో పోతున్నట్టే ఉంటుంది. ఎటు చూసినా వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు, బురదలో పొర్లే దున్నలు.

ఆ తరువాత పాంతబాంగాన్ జలాశయం వస్తుంది. 1970లలో ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరు ఊరంతా నీట మునిగింది. గట్టి ఎండలు కాసి నీరు బాగా తగ్గినప్పుడు పాత చర్చి శిథిలాలు బయట పడతాయి. 2024 వేసవిలో అలాగే పడితే, జనం పడవలు కట్టించుకుని వెళ్ళి చూసి వచ్చారట.

అక్కడినుంచి సియర్రా మాద్రే కొండలు. బస్సు మెలికలు తిరుగుతూ ఎక్కి, మెలికలు తిరుగుతూ దిగింది. మా ఆవిడ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నది. ఒక మలుపు తిరిగేసరికి కొబ్బరి తలల మీదుగా నీలంగా ఒక గీత కనిపించింది. "అదే పసిఫిక్" అన్నాడు మావాడు. మా ఆవిడ కళ్ళు తెరిచి, "బంగాళాఖాతం కంటే నీలంగా ఉందిరా!" అన్నది. అదే ఆమె మెప్పుకోలు.

ఊళ్ళో తిరగడానికి ట్రైసికిల్ అనే బండి ఉన్నది. మోటారుసైకిలుకు పక్కన చిన్న డబ్బా తగిలిస్తారు. ముగ్గురం అందులో ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డాలకు తగులుతుండగా బసకు చేరాము.

ఏడు కుటుంబాల గుట్ట

మరునాటి పొద్దున ముందుగా ఎర్మిటా గుట్ట ఎక్కాము. పైనుంచి చూస్తే బాలేర్ అఖాతమంతా పళ్ళెంలో పోసినట్టు కనిపిస్తుంది. గుట్ట దగ్గర కొన్ని శిల్పాలున్నాయి. ఆడవాళ్ళూ, మగవాళ్ళూ, పిల్లలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకి పాకుతున్నారు. వాళ్ళ ముఖాలలో భయం చూస్తే మనమూ ఒకసారి వెనక్కి తిరిగి సముద్రం వైపు చూస్తాం.

1735 డిసెంబరు 27న సముద్రం ఉవ్వెత్తున లేచి పాత బాలేర్‌ను తుడిచిపెట్టింది. ఈ గుట్ట ఎక్కగలిగినవారే బతికారు. బతికిన ఏడు కుటుంబాల ఇంటిపేర్లు ఇక్కడి వారికి నేటికీ కంఠస్థం. కెరటం మింగిన పాత ఊరి స్థలం సబాంగ్ సముద్రతీరం వైపు ఉన్నది. ఆ తరువాత ఊరును కాస్త లోపలికి, ఇప్పుడున్న చోటికి మార్చుకున్నారు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెననాడు మా మేనమామ కొబ్బరిచెట్టు పట్టుకుని రాత్రంతా గడిపాడు. అంచేత ఆ శిల్పాల ముందు నాకు మాట రాలేదు. సముద్రం పక్కన కాపురముండే జనం ఎక్కడైనా ఒకటే కాబోలు. అది అన్నమూ పెడుతుంది, ఒక్కొక్కసారి ఇల్లూ అడుగుతుంది.

337 రోజులు

బాలేర్ పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం ఊరి మధ్యనున్న చర్చి వల్ల. చూడడానికి చాలా మామూలు కట్టడం. తరువాత పునర్నిర్మించినదే అయినా స్థలం అదే. గోడకు ఒక ఫలకం ఉన్నది. అందులోని కథ విన్న తరువాత మామూలుగా చూడలేము.

స్పెయిన్‌వారు ఫిలిప్పీన్‌ దీవులను మూడు వందల ఏళ్ళకు పైగా పాలించారు. 1898లో ఫిలిపినోలు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఆ వేసవిలోనే బాలేర్‌లోని స్పానిష్ దండు, యాభై మంది పైచిలుకు, ఈ చర్చిలో దూరి తలుపులు బిగించుకున్నది. చుట్టూ ఫిలిపినో యోధులు కందకాలు తవ్వుకుని కూర్చున్నారు. జూలై 1న ముట్టడి మొదలైంది.

మొదట్లో రెండు పక్షాలకూ కాస్త సరసమే. ఒకనాడు కాల్పులు ఆపి బయటివాళ్ళు లోపలికి సిగరెట్లు పంపితే, లోపలి కెప్టెన్ లాస్ మొరేనాస్ బదులుగా సారా సీసా పంపాడు. ఆ సరసం ఎక్కువ రోజులు సాగలేదు. చర్చి ఆవరణలో బావి తవ్వుకున్నారు గనుక నీటికి లోటు లేదు. తిండి మాత్రం పురుగు పట్టి కుళ్ళిపోయింది. కాళ్ళు వాచి, గుండె నీరసించి ఒక్కొక్కరే రాలిపోసాగారు. సెప్టెంబరులో చర్చి గురువు, అక్టోబరులో ఒక లెఫ్టినెంటు, నవంబరులో కెప్టెన్ పోయారు. అధికారం రెండవ లెఫ్టినెంటు మార్తిన్ సెరెసో చేతికి వచ్చింది.

ఆ జబ్బు బెరిబెరి. మన ఉత్తర సర్కారు జిల్లాలను కూడా ఒకప్పుడు పీడించిన జబ్బే. తవుడంతా పోయేటట్టు తెల్లగా మర తిప్పిన బియ్యమే తింటూ, వేరే మంచి తిండి లేకపోతే వస్తుంది. ఆ తవుడులో ఉన్న ప్రాణాధారమేమిటో కనుక్కునే పనిని 1910లో మనీలాలోనే మొదలుపెట్టి, 1936లో దాన్ని ప్రయోగశాలలో తయారు చేసి చూపినవాడు రాబర్ట్ విలియమ్స్. బి1 విటమిన్ అంటే అదే. ఆ విలియమ్స్ పుట్టింది ఎక్కడనుకున్నారు? మన నెల్లూరులో! 1886లో అక్కడి అమెరికన్ మిషనరీల ఇంట పుట్టాడు. "అయితే మనవాడే" అని మా ఆవిడ తీర్మానించింది.

ఇక అసలు విడ్డూరం వినండి. 1898 డిసెంబరు 10న పారిస్‌లో సంధి జరిగి, స్పెయిన్ ఈ దీవులను అమెరికాకు వదులుకున్నది. యుద్ధం అయిపోయింది. ఆ సంగతి చర్చిలో వాళ్ళకు చెబితే నమ్మరు! ఉత్తరాలు పంపారు, ఫోర్జరీ అన్నారు. సాటి స్పానిష్ అధికారి స్వయంగా వచ్చి చెప్పాడు; మోసమన్నారు. ఫిలిపినోలకు 1899 ఫిబ్రవరి నుంచి అమెరికావారితో కొత్త యుద్ధం మొదలైనా, బాలేర్ చర్చి మీద స్పెయిన్ జెండా ఎగురుతూనే ఉన్నది. మే నెలాఖరున కర్నల్ అగిలార్ అనే ఆయన వచ్చి, వినకపోయేసరికి, తెచ్చిన పత్రికల కట్ట అక్కడ వదిలి వెళ్ళిపోయాడు. "పత్రికలు కూడా దొంగవి అచ్చు వేసుకొచ్చారు" అన్నాడు సెరెసో.

తిండి అయిపోయింది. రాత్రికి రాత్రి అడవిలోకి పారిపోదామని నిశ్చయించుకుని, ఆ పత్రికలు మళ్ళీ ఒకసారి తిరగేశాడు. ఒక మూల రెండు పంక్తుల వార్త కనిపించింది. ఫలానా లెఫ్టినెంటుకు మాలగా పట్టణానికి బదిలీ అయిందని. ఆ లెఫ్టినెంటు సెరెసోకు ప్రాణస్నేహితుడు. మాలగాకు వెళ్ళాలని కోరిక ఉన్నట్టు తనకు తప్ప ఇంకొకరికి తెలియదు. శత్రువు ఎంత గడుసువాడైనా ఇది కల్పించలేడు! దానితో పత్రికలన్నీ నిజమేనని తేలిపోయింది. 1899 జూన్ 2న తెల్లజెండా ఎత్తారు. మొత్తం 337 రోజులు. బయటికి నడిచివచ్చిన సైనికులు 33 మంది.

ఒక్క సంగతి మాత్రం నా మనస్సులో ముల్లులా నిలిచిపోయింది. అంతకు ముందు రోజే, పారిపోజూశారన్న నేరానికి ఇద్దరు సైనికులను సెరెసో కాల్పించాడు. ఆ వార్త ఒక్కరోజు ముందు కంటబడి ఉంటే వాళ్ళిద్దరూ ఇల్లు చేరేవారు గదా!

గెలిచినవారి పెద్దమనసు చూడండి. ఫిలిపినో అధ్యక్షుడు అగినాల్దో 1899 జూన్ 30న, వీళ్ళను ఖైదీలుగా గాక మిత్రులుగా చూసుకుని స్వదేశానికి సాగనంపవలసిందని ఉత్తరువు చేశాడు. 2003లో చేసిన చట్టం ప్రకారం ఏటా జూన్ 30 ఇక్కడ ఫిలిపినో-స్పానిష్ మైత్రీ దినం.

చర్చిలో ఒక ముసలమ్మ కొవ్వొత్తి వెలిగిస్తున్నది. మావాడి ద్వారా అడిగాను: "శత్రువులకు ఇంత గౌరవమేమిటమ్మా?" ఆమె నన్ను వింతగా చూసి, "యుద్ధం అయిపోయాక కూడా శత్రువులేనా?" అన్నదట.

బయట మెట్లు దిగుతుంటే మా ఆవిడ మెల్లగా అన్నది: "ఏమండీ, మీకు కూడా ఎవరైనా పత్రికల కట్ట తెచ్చి ఇవ్వాలేమో! తీర్పు వచ్చి నాలుగేళ్ళయింది."

నేను ఎండ ఎక్కువగా ఉందన్నాను.

కెరటాలూ, కేసోన్‌గారూ

చర్చికి నడిచి వెళ్ళే దూరంలో మ్యూజియం. ముందు మాన్యుయెల్ కేసోన్ విగ్రహం. 1878లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, తల్లిదండ్రులిద్దరూ బడిపంతుళ్ళు. 1935లో కామన్వెల్త్ అధ్యక్షుడై, దేశానికి ఒక జాతీయభాష ఉండాలని పట్టుబట్టి, 1937లో టగాలోగ్‌ను దానికి పునాదిగా ప్రకటించాడు. ఆ టగాలోగ్‌లో 'ముఖ' అంటే ముఖమే, 'గురో' అంటే గురువే, 'ఆస' అంటే ఆశే! ఎప్పటి ఓడల మీద వచ్చి చేరాయో మన మాటలు.

ఆయన భార్య అరోరా పేరే ఈ ప్రాంతానికి పెట్టారు. ఇద్దరి తల్లులూ అక్కచెల్లెళ్ళని తెలిసి మా ఆవిడ, "అయ్యో, మన లెక్కన అన్నాచెల్లెళ్ళవుతారు!" అని బుగ్గ నొక్కుకున్నది. ఏ దేశపు వరస ఆ దేశానిది. 1944లో కేసోన్ అమెరికాలో క్షయతో పోయాడు. 1949లో ఆమె, భర్త పేర కట్టిన ఆస్పత్రి ప్రారంభానికి కొండదారిన బాలేర్ వస్తూ, దారి కాచిన సాయుధుల తుపాకులకు బలి అయింది. కూతురూ, అల్లుడూ కూడా ఆమెతోనే పోయారు. ఆ సంగతి తలుచుకుంటే గుండె బరువెక్కింది.

సాయంత్రం సబాంగ్ తీరానికి వెళ్ళాము. పలకల మీద నిలబడి కెరటాల మీద స్వారీ చేసే కుర్రకారు వందలకొద్దీ ఉన్నారు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఈశాన్యపు గాలికి ఇక్కడ కెరటాలు బాగా లేస్తాయి. 1976లో వియత్నాం యుద్ధం మీద కొపోలా తీసిన 'అపోకలిప్స్ నౌ' చిత్రంలో కొన్ని ఘట్టాలు ఈ తీరానే తీశారు. వాళ్ళు వదిలి వెళ్ళిన పలకలతో ఊరి పిల్లలు ఈ విద్య నేర్చుకున్నారని చెబుతారు. మావాడు కూడా పలక అద్దెకు తీసుకుని, పావుగంటలో పదిసార్లు ఉప్పునీళ్ళు తాగి వచ్చాడు.

మూడవనాడు పక్కనున్న మరియా అరోరా ఊళ్ళో పెద్ద బలేతే చెట్టు చూశాము. ఆరు వందల ఏళ్ళదంటారు. మర్రి జాతిదే కాని మన పిల్లలమర్రిలా పక్కలకు పాకలేదు. మొదట ఆశ్రయమిచ్చిన చెట్టు చుట్టూ వేళ్ళు అల్లుకుని బిగించగా, లోపలి చెట్టు ఎప్పుడో చచ్చి డొల్ల మిగిలింది. ఆ డొల్లలోకి మనుషులు దూరి నిలబడవచ్చు. అక్కడినుంచి దితుమాబో జలపాతం. సుమారు 140 అడుగుల ఎత్తునుంచి పడుతుంది. వాగులో రాళ్ళమీద నడిచి వెళ్ళాలి గనుక మా ఆవిడ సగం దారిలో ఒక రాయి మీద కూర్చుని, "మీరు చూసి వచ్చి చెప్పండి" అన్నది.

శాకాహారులకు భయం లేదు. 'పాకో' అనే లేత ఆకును టొమాటో, ఉల్లి, వినిగరు కలిపి పచ్చడిలా ఇస్తారు. గుడ్డు వెయ్యవద్దని ముందే చెప్పుకోవాలి. కొబ్బరిపాలతో వండి ఆకులో చుట్టిన బియ్యపు 'సుమాన్' మా ఆవిడ రెండు రోజులూ ఫలహారం చేసింది.

తిరుగు ప్రయాణానికి ముందు బజారులో ఆగాము. ఇక్కడ 'సబుతాన్' అనే ఆకుతో చాపలూ, టోపీలూ అల్లుతారు. మన మొగలి జాతి ఆకే. ముట్టుకుంటే పట్టులా మెత్తగా ఉన్నది. మా ఆవిడ బేరమాడి నాలుగు టోపీలు కొన్నది.

"ముగ్గురమే గదా, నాలుగోదెవరికి?" అన్నాను.

"బావగారికి. పెళ్ళిపనుల్లో ఎండన పడి తిరుగుతారు" అన్నది, నా వైపు చూడకుండా.

బస్సులో సామాను పెట్టే చోటు నిండిపోయింది. ఆ టోపీ నలిగిపోతుందని మనీలా వచ్చేదాకా నా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.