అందరి తోట



హైదరాబాద్ వెళ్లినప్పుడు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తారు? మాల్‌కో, సినిమాకో, టైముంటే జూ పార్కుకో. ఈసారి నాంపల్లి స్టేషన్ దగ్గరున్న పబ్లిక్ గార్డెన్స్‌కు కూడా తీసుకెళ్లండి. పిల్లలు చూడడానికే కాదు, మనం ఆలోచించడానికి కూడా అక్కడ ఒక సంగతి ఉంది.

నిజాం కాలంలో, 1846లో ఆ తోట వేశారని చెప్తారు. దాని పాత పేరు బాగ్-ఎ-ఆమ్. ఆ పేరు వినగానే మా అబ్బాయి, "మామిడితోటా నాన్నా? మన ఊర్లో లేనివా?" అన్నాడు. కొల్లాపూర్ పిల్లవాడు మరి! ఉర్దూలో మామిడిపండునూ ఆమ్ అనే అంటారు. ఈ ఆమ్ వేరు, రాత కూడా వేరు. దీని అర్థం సామాన్య జనం. అంటే అది అందరి తోట.

అక్కడున్న అసెంబ్లీ పాత భవనం మొదట టౌన్ హాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తి చేశారు. మన పాత జిల్లా మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆయన మీదుగానే వచ్చింది. ఈ మాట చెప్తే పిల్లలకు ఆ భవనం పరాయిదిగా అనిపించదు. 1930లో వచ్చిన మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. దాని దగ్గర నుంచి పిల్లల్ని కదిలించడం కష్టం! ఒకప్పుడు ఆ తోటలోనే చిన్న జూ ఉండేది. 1963లో మీర్ ఆలం చెరువు పక్కన నెహ్రూ జూ పార్కు తెరిచారు. జంతువులు అక్కడికి వెళ్లాయి.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న సంగతి. టౌన్ హాలు, జూబ్లీ హాలు, మ్యూజియం, బాలభవన్, ఆడిటోరియం. వీటిలో ఏదీ చెడ్డపని కాదు. కానీ ఒక్కొక్కటి కట్టినప్పుడల్లా తోటలో కొంత నేల తగ్గింది. ఖాళీ జాగా ఒక్కరోజులో పోదు. మంచి పనుల పేరుతోనే కొంచెం కొంచెంగా తరుగుతుంది. అయినా ఆ తోట ఇంకా మిగిలిందంటే, పొద్దున్నే నడిచేవాళ్లు, చెట్టు కింద కూర్చునేవాళ్లు రావడం మానకపోవడం కూడా ఒక కారణమే అనుకుంటాను.

మన పిల్లల రోజు కూడా అలాగే తరుగుతోంది. స్కూలు, హోంవర్క్, ట్యూషన్, ఒలింపియాడ్ పరీక్ష. అన్నీ వాళ్ల మంచికే. నేనూ మీలాగే ఫీజు కట్టి, మార్కులు చూసుకునే తండ్రినే. కానీ ఫీజు లేని చోటు, మార్కులు వేయని గంట వాళ్లకు ఒక్కటైనా ఉండాలి కదా? అందరూ వచ్చే చోట మన పిల్లవాడు వేరే బడి పిల్లవాడితో బంతి పంచుకుంటాడు, వంతు కోసం ఆగుతాడు, ఓడిపోయి మళ్లీ ఆడతాడు. అది ఏ పుస్తకంలోనూ రాదు.

అందుకే చిన్న మనవి. హైదరాబాద్ ప్రయాణం ఎప్పుడు కుదిరితే అప్పుడు. ఈ ఆదివారం మాత్రం సాయంత్రం ఒక గంట, మన ఊళ్లోనే అందరూ వచ్చే మైదానానికో, చెరువుగట్టుకో పిల్లల్ని తీసుకెళ్లండి. ఫోన్ జేబులో పెట్టి మీరూ కూర్చోండి. మనం వెళ్తూ ఉంటేనే ఆ జాగా రేపు కూడా అందరిదిగా ఉంటుంది.