రోగమునకు మార్కులు

జ్వరము వచ్చినవాని నోట థర్మామీటరు ఉంచినచో వేడి యింతయని తెలియును. నెత్తురుబొట్టు తీసినచో చక్కెర యెంతయున్నదో తెలియును. పార్కిన్సను వ్యాధి యెంత ముదిరినదో చెప్పుటకు మాత్రము అట్టి సాధనము వైద్యుని బల్లపై లేదు. చేతికి కట్టుకొను గడియారముల వంటి పరికరములు కొన్ని వచ్చుచున్నవి గాని, నేటికిని వైద్యునకు ముఖ్యమైన ఆధారములు రెండే: తాను కన్నులతో చూచునది, రోగి నోట వినునది. ఆ రెండవదానిని మా యింట మేమెట్లు చెడగొట్టితిమో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా తల్లిగారికి డెబ్బదియవ యేట కుడిచేయి వణకసాగెను. ముసలితనమని మేమొక సంవత్సరము ఊరకుంటిమి. నడక మందగించిన పిదప, 2018లో, నరముల వైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. ఆయన మందు వ్రాయుటకు ముందు చాలసేపు పరీక్షించిరి. చూపుడువ్రేలితో బొటనవ్రేలిని, వీలైనంత వెడల్పుగా చాపుచు, వీలైనంత వడిగా, పదిమార్లు తట్టుమనిరి. పిడికిలి మూసి తెరువుమనిరి. పాదముతో నేలను తట్టుమనిరి. చేతులు రొమ్ముపై కట్టుకొని కుర్చీనుండి లెమ్మనిరి. నడచి, వెనుదిరిగి రమ్మనిరి. తుదకు వెనుక నిలిచి, భుజములు పట్టి ఒక్కసారి లాగి, నిలదొక్కుకొనుటకు ఎన్ని అడుగులు వెనుకకు వేయునో చూచిరి. ప్రతి పనికిని ఒక అంకె. లోపము లేనిచో సున్న. మిక్కిలి తీవ్రమైనచో నాలుగు. “పెండ్లిచూపులనాడు కూడా నన్నిన్ని తీరుల నడిపించలేదమ్మా!” అని మా తల్లిగారు నవ్విరి. వైద్యుడును నవ్విరి. ఆ వ్రేళ్లు తట్టుటలో ఆయన చూచునది వేగమును మాత్రమే కాదట. పోనుపోను ఆ తట్టు చిన్నదగుచున్నదా, నడుమ ఆగిపోవుచున్నదా అనునది కూడ. ఈ మాట మాకు తరువాత జ్ఞాపకము వచ్చినది.

ఈ వ్యాధిని 1817లో లండనునందు జేమ్సు పార్కిన్సను అను వైద్యుడు ఒక చిన్న గ్రంథమున వర్ణించెను. అందలి రోగులు ఆరుగురే; వారిలో కొందరిని ఆయన వీధిలో చూచినవాడే గాని పరీక్షించినవాడు కాడు. అంకెలతో ఆయనకు పనిలేకపోయెను. 1967లో మార్గరెట్ హోన్, మెల్విన్ యార్ అను వైద్యులు వ్యాధిని ఐదు దశలుగా విభజించిరి. శరీరమున ఒక ప్రక్కనే లక్షణములున్నచో మొదటిది. ఒకరి సాయము లేనిదే మంచమో చక్రముల కుర్చీయో విడువలేని స్థితి యైదవది. కాని ఐదు మెట్లలో ఒక మనుష్యుని దినచర్య ఇముడునా? మందు పనిచేసినదా లేదా తెలిసికొనుటకు ఇంకను సన్నని కొలత కావలసివచ్చెను. 1987లో ఒక ఉమ్మడి కొలమానము వాడుకలోనికి వచ్చెను. 2008లో దానిని సంస్కరించి నాలుగు భాగములుగా, అరువదియైదు అంకెలుగా ప్రకటించిరి. అందు వైద్యుడు కన్నులతో చూచి వేయునవి ముప్పదిమూడు. ఇరువది ప్రశ్నలకు రోగియే జవాబు చెప్పవలెను. అవసరమైనచో దగ్గరనుండి చూచుకొనువారు సాయపడవచ్చును. అన్నియు గడచిన వారమును గూర్చినవి.

2019లో ఆ ఇరువది ప్రశ్నల కాగితము ఆసుపత్రిలో మా చేతికిచ్చిరి. తల్లిగారు మా ప్రక్కనే కూర్చుండియున్నారు. మాకు ఆంగ్లము వచ్చును గదా! చకచక గుర్తులు పెట్టితిమి. బట్టలు కట్టుకొనుటకు, నగలు పెట్టుకొనుటకు కష్టమున్నదా? లేదు. భోజనమునకు? లేదు. రాత్రి ప్రక్కమీద ఒత్తిగిలుటకు? ఎన్నడును చెప్పలేదు, కావున లేదు. యాబదిరెండు మార్కుల రెండవ భాగమునకు మేము వేసిన మొత్తము ఆరు. పైగా, దూరప్రయాణమని, సరిగా చూపించుకొనవలెనని, బయలుదేరుటకు ముందు మాత్ర వేయించితిమి. చుట్టములు వచ్చునపుడు ఇల్లు అలికినట్లు! ఆమె పరీక్షలోను చక్కగానే నడచిరి. మందు మార్చనక్కరలేదనిరి. తిరిగివచ్చునపుడు కారులో మా తల్లిగారు ఒక్కమాట అనిరి: “నన్నడిగిన దానికి నువ్వెందుకు చెప్పావు, నాయనా?” ఆమె శ్రమ తప్పించితిమని మా భావము. ఆ మాటకు బదులు చెప్పలేదు.

రెండు నెలలకు ఆమె తెల్లవారుజామున పెరటిలో పడిరి. మణికట్టు ఎముక విరిగినది. ఆ దినముననే మా గృహిణి మాకు కొన్ని సంగతులు చెప్పెను. అత్తగారు అందరి తరువాత తినుట ఆచారముచేత కాదు. ముద్ద నోటికి చేరకమునుపే జారుచున్నదని. చీర కుచ్చిళ్లు ఆరు నెలలుగా తానే పెట్టుచున్నదని. చెవికమ్మల మరలు తిప్పలేక వానిని తీసి పెట్టెలో వేసికొనిరని. రాత్రి మాత్ర బలము తగ్గిన పిమ్మట, ఒత్తిగిలలేక, ఎవరిని పిలుచుటకును మొగమాటపడి, తెల్లవారువరకు వెల్లకిలనే పడియుందురని. “ఇన్నాళ్లు చెప్పవేమి?” అంటిమి. “ఆసుపత్రికి నన్నెప్పుడు తీసుకువెళ్లారు?” అని ఆమె అనెను. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటాడిన వారమే మేము!

చదువరులు మమ్ము మన్నించినచో మరియొకటి చెప్పెదము. మా తల్లిగారు పండ్రెండేండ్లుగా గీతలు లేని పుస్తకములలో రామకోటి వ్రాయుచున్నారు. ఆమె మంచముపట్టియున్నపుడు ఆ పుస్తకములను వరుసగా తీసి చూచితిమి. తొలివానిలో అక్షరములు గుండ్రముగా, పుట మొదటినుండి తుదివరకు ఒకే పరిమాణమున ఉన్నవి. 2016 నాటి పుస్తకమున, చేయి వణకుటకు ముందే, పుట మొదట పెద్దవిగా ఆరంభమై అడుగునకు వచ్చుసరికి సన్నగిల్లినవి. 2019 నాటివి చీమలబారు. పదిమార్లు వ్రేళ్లు తట్టించి వైద్యుడు వెదకిన లక్షణమే అది. మా యింటి పూజామందిరములో, మా కన్నులయెదుట, ఆమె తన చేతితోనే వ్రాసిపెట్టియుండెను. మేము ఆ పుస్తకములకు మ్రొక్కితిమే గాని విప్పి చూడలేదు.

తరువాతిమారు అత్తకోడండ్రు లోనికి వెళ్లిరి. కోడలు ప్రశ్నను తెలుగులో చదివెను. అత్త జవాబు చెప్పెను. భోజనపు ప్రశ్నలో వ్రేళ్లతో తినుట యొక మాటగా ఉన్నను, తక్కినవి కత్తులు, ముండ్లచెంచాలు, చీనావారి పుల్లలు. కోడలు వానిని విడిచి చారన్నము కలుపుటను, మజ్జిగయన్నమును జుఱ్ఱుటను గూర్చి అడిగెనట. ఇది నియమమునకు సరియగునో కాదో గాని, నిజము మాత్రము దానివలననే బయటపడినది. ఈసారి మొత్తము ఇరువదియొకటి. రెండు నెలలలో రోగము అంతగా ముదురలేదు; చెప్పువారు మారిరి. వైద్యులొక దినచర్య పట్టికను కూడ ఇచ్చిరి. అరగంటకొక గడి, మందు పనిచేయుచున్నదా, చేయుటలేదా, నిద్రయా అని గుర్తు పెట్టవలెను. మా తల్లిగారు మూడు దినములు పెన్సిలుతో తామే గుర్తులు పెట్టిరి. దానినిబట్టి మాత్రల వేళలు మార్చిరి. ఒత్తిగిలుట కొంత సులువైనది.

అంకెలయందు మాకు పూర్తి విశ్వాసము కలిగినదని అనుకొనరాదు. ఒత్తిగిలలేనివానికి వచ్చిన రెండును, నోట చొల్లు కారువానికి వచ్చిన రెండును కూడి నాలుగగునా? రెండవవాడు పదిమందిలోనికి వచ్చుటయే మానివేయును. అయినను అంకె లేనిచో, “బాగానే ఉన్నారు” అను మావంటివారి మాటయే మందు నిర్ణయించును.

ఇప్పటికిని మూడు నెలలకొకమారు వెళ్లుచున్నాము. మేము మందులచీటి పట్టుకొని వెలుపల బల్లమీద కూర్చుందుము. లోపలినుండి ఆమె మాట మాకు వినబడదు; గొంతు చాల సన్నగిలినది. మొన్న ఆ ప్రశ్నకు ఆమె తానే రెండు వేయించుకొనిరట.