హిస్సా దాచిన ఇల్లు

మానుకోటలో ఉండే మా ఖాలాకు బచ్చేదానీ మూతి దగ్గర క్యాన్సర్ అని తేలింది. అప్పటి నుంచి ఆమెది ఒకటే సవాల్. "బేటీ, జిందగీ మొత్తం సాదా తిండి తిన్న. గట్టిగ జరమొచ్చి పడుకున్నది లేదు. మరి నా ఒంట్లె తాఖత్ దీన్నెందుకు ఆపలే?"

భూపాలపల్లి నుంచి ఆపా ముహబ్బత్‌తో షహద్, కలోంజీ పంపింది. ఖాలా ఏమో, ముందు తాఖత్ రానీ, ఆ తర్వాతనే రేడియేషన్‌కు పోదామంటది. నాకు ఫికర్ పట్టుకుంది. జనగామలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని, ఆమెకు మన మొహల్లా మాటల్లోనే చెప్పిన.

"ఖాలా, ఇఫ్తార్ ముందు ఇంటింటి నుంచి హిస్సా పోతది కదా. రుమాలు ఎత్తితే ఆ ఇంట్లో ఏం వండిన్రో తెలుస్తది. మన కణాలూ అంతే. లోపల తయారైన ప్రోటీన్లను ముక్కలు చేసి, హెచ్ఎల్ఏ అనే పళ్ళెంలో పెట్టి గడప బయట చూపిస్తయి. టి-కణాలు గల్లీ గల్లీ తిరిగే పహ్రేదార్లు. పళ్ళెంలో పరాయి ముక్క కనబడితే ఆ కణాన్ని ఖతం చేస్తయి."

ఈ క్యాన్సర్ దాదాపు అందరిలో హెచ్‌పీవీ వైరస్ వల్లనే వస్తది. ఆ సంగతి కనిపెట్టిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. ఆ వైరస్‌లోని ఈ7 జీన్ పళ్ళాల తయారీనే తగ్గిస్తది. ఈ5 జీన్, తయారైన పళ్ళాన్ని గడప దాటనియ్యదు. వైరస్ లేని క్యాన్సర్లలో మన సొంత జీన్లే బిగడాయించి ఈ పని చేస్తయి. ఎన్-మిక్ అనే జీన్ పళ్ళాలు తగ్గిస్తదని 1986లోనే ల్యాబ్ కణాల్లో చూపించిన్రు. హిస్సా రాని ఇంటి మీద శక్ పడే బుజుర్గులూ ఉన్నరు, ఎన్‌కే కణాలు. క్యాన్సర్ వాళ్ళకూ ధోకా ఇయ్యగలదు.

"పహ్రేదార్ నిద్రపోలే ఖాలా. వాడికి చూపించాల్సిన పళ్ళెమే దాచేసిన్రు. రేడియేషన్‌కు పళ్ళెంతో పని లేదు. సీదా ఆ కణం డీఎన్ఏనే కొడతది."

చాలాసేపు చుప్‌గా కూర్చుంది. "అంటే, నా కసూర్ ఏం లేదా?"

"లేదు ఖాలా."

తెల్లారి మహబూబాబాద్‌లో రైలెక్కింది. జనగామలో నేను ఎక్కిన. ఇద్దరం రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే దవాఖానాకు పోయినం.

హెచ్‌పీవీ చాలా మామూలు వైరస్. ఎక్కువమందిలో దానంతటదే పోతది, కొందరిలోనే ఏళ్ళతరబడి దాక్కుంటది. అందుకే ముప్ఫై దాటిన ఆడవాళ్ళు షర్మ్ పక్కనపెట్టి పరీక్ష చేయించుకోవాలె. టీకా అయితే 9 నుంచి 14 ఏళ్ళ బేటీలకు, వైరస్ తగలకముందే.

ఆపా బిడ్డకు పదకొండేళ్ళు. రైల్లోంచే భూపాలపల్లికి ఫోన్ కొట్టిన.